డిజిటల్ క్లిప్పింగ్ నిత్యదోషమా, అనిత్యదోషమా? ‘డెత్ మాగ్నెటిక్’ ఆల్బమ్ ఆధారంగా ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
డిజిటల్ ధ్వనిముద్రణలో సంకేతం గరిష్ఠ పరిమితిని దాటినప్పుడు తరంగశిఖరాలు తెగిపోవడాన్ని క్లిప్పింగ్ అంటారు. దీన్ని సాధారణంగా సాంకేతిక లోపంగా మాత్రమే చూస్తారు. అయితే వికృతమైన గిటారు ధ్వనే ప్రాణంగా గల హెవీ మెటల్ సంగీతంలో క్లిప్పింగును ఏ ప్రాతిపదికన దోషమనాలి? మెటాలికా బృందం 2008లో విడుదల చేసిన ‘డెత్ మాగ్నెటిక్’ ఆల్బమ్ ఈ ప్రశ్నను ముందుకు తెచ్చింది. భారతీయ అలంకారశాస్త్రంలోని నిత్యదోష, అనిత్యదోష విభాగాన్ని ఆధారం చేసుకుని ఈ వ్యాసం ఆ ప్రశ్నను పరిశీలిస్తుంది. క్లిప్పింగ్ జరిగే దశను బట్టి, దాని వెనుక గల ఎంపికను బట్టి దాని దోషత్వం నిర్ణయమవుతుందని ప్రతిపాదిస్తుంది. జానపద ప్రదర్శనలను క్షేత్రస్థాయిలో నమోదు చేసే పరిశోధకులకు ఈ చర్చ ఎలా వర్తిస్తుందో చివరలో సూచిస్తుంది.

కీలకపదాలు: ధ్వనిముద్రణ, క్లిప్పింగ్, మిక్సింగ్, మాస్టరింగ్, అనిత్యదోషం, ఔచిత్యం, మెటాలికా, జానపద నమోదు.

1. ఉపోద్ఘాతం:

అమెరికాకు చెందిన మెటాలికా బృందం 2008 సెప్టెంబరు 12న ‘డెత్ మాగ్నెటిక్’ ఆల్బమ్‌ను విడుదల చేసింది. దీని నిర్మాత రిక్ రూబిన్. బిల్‌బోర్డ్ 200 జాబితాలో ఈ ఆల్బమ్ నేరుగా ప్రథమస్థానంలో ప్రవేశించింది. అవే పాటలు ‘గిటార్ హీరో 3’ అనే వీడియో గేమ్ ఆడేవారికి కూడా డౌన్‌లోడ్ రూపంలో అందాయి. ఆటగాడి చేతి కదలికకు గిటారు ధ్వని స్పందించాలి కనుక, గేమ్ కోసం వాద్యాలను వేర్వేరు భాగాలుగా ఇవ్వవలసి వచ్చింది. ఆ భాగాలు సీడీ కోసం జరిగిన చివరి ప్రక్రియల గుండా వెళ్ళలేదు.

రెండింటినీ పోల్చి విన్న శ్రోతలకు ఒక విచిత్రమైన సంగతి తెలిసివచ్చింది. ఆటవస్తువులో వినిపించిన పాట స్పష్టంగా ఉంది. సంగీతం కోసమే కొన్న సీడీలో అదే పాట చిటపటలాడుతూ, ఒత్తిగిలినట్లు వినిపించింది. ఆల్బమ్‌ను మళ్ళీ మిక్స్ చేసి గాని, మళ్ళీ మాస్టర్ చేసి గాని ఇవ్వాలని వేలాదిమంది అభిమానులు ఒక విజ్ఞాపనపై సంతకాలు చేశారు. ధ్వనిముద్రణశాలల గోడల మధ్య నిపుణులు మాట్లాడుకునే విషయం మొదటిసారి ఇంత పెద్దయెత్తున శ్రోతల ఫిర్యాదుగా మారింది.

ఈ ఫిర్యాదుకు ఎదురయ్యే తొలి ఆక్షేపణ సులభమైనదే. హెవీ మెటల్ సంగీతమంతా వికృతధ్వని మీదే నిలిచింది. గిటారు సంకేతాన్ని ఆంప్లిఫయర్ శక్తికి మించి నెట్టి, తరంగాన్ని తెగ్గొట్టడం వల్లనే ఆ సంగీతానికి దాని గొంతు వచ్చింది. అటువంటి సంగీతంలో మరికొంత తెగితే నష్టమేమిటి? సాంకేతిక కొలతలు ఈ ప్రశ్నకు పూర్తి సమాధానం ఇవ్వలేవు. ఏ వికృతి గుణం, ఏ వికృతి దోషం అన్నది విమర్శ తేల్చవలసిన విషయం.

2. క్లిప్పింగ్ స్వరూపం:

మైక్రోఫోన్ గాలిలోని ఒత్తిడి హెచ్చుతగ్గులను విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. ఆ సంకేతాన్ని అనలాగ్-డిజిటల్ పరివర్తకం క్రమమైన వ్యవధుల్లో కొలిచి అంకెలుగా రాస్తుంది. సీడీ ప్రమాణంలో ఈ కొలత సెకనుకు 44,100 సార్లు జరుగుతుంది. ఒక్కొక్క కొలతకు 16 బిట్ల చోటు ఉంటుంది. ఆ చోటులో రాయగల అతిపెద్ద సంఖ్య 32,767, అతిచిన్న సంఖ్య మైనస్ 32,768. అంతకు మించిన ధ్వని వచ్చినా పరివర్తకం ఆ చివరి సంఖ్యనే మళ్ళీమళ్ళీ రాస్తుంది. గుండ్రంగా ఉండవలసిన తరంగశిఖరం బల్లపరుపు అవుతుంది. శిఖరం ఎంత ఎత్తు ఉండేదో, ఏ ఆకారంలో ఉండేదో ఆ దస్త్రంలో ఎక్కడా మిగలదు.

డిజిటల్ ప్రపంచంలో ఈ గరిష్ఠస్థాయిని సున్నా డెసిబెల్‌గా నిర్ణయించారు. మిగిలిన స్థాయిలన్నీ దానికి దిగువన ఋణసంఖ్యలుగా ఉంటాయి. అయస్కాంత టేపు స్వభావం ఇందుకు భిన్నమైనది. టేపుపై ధ్వనిస్థాయి పెరిగేకొద్దీ శిఖరాలు క్రమంగా మెత్తబడతాయి. అందుచేత టేపు కాలపు ఇంజనీర్లు మీటరు ముల్లు ఎర్రగీతలోకి కొంత దూరం వెళ్ళినా బాధపడేవారు కారు. ఒక్కోసారి ఆ మెత్తదనం కోసమే స్థాయిని పెంచేవారు. డిజిటల్ పద్ధతిలో అటువంటి సంధిప్రదేశం లేదు. సున్నాకు ఒక మెట్టు దిగువన సంకేతం నిర్దుష్టంగా ఉంటుంది. ఒక మెట్టు దాటితే తెగుతుంది.

మీటరులో సున్నా దాటినట్లు కనబడకపోయినా క్లిప్పింగ్ జరిగే అవకాశం ఉంది. వరుసగా రెండు కొలతలు గరిష్ఠస్థాయికి దగ్గరగా ఉన్నప్పుడు, వాటి మధ్య పునర్నిర్మితమయ్యే తరంగం ఆ రెండింటికంటె ఎత్తుకు లేవవచ్చు. డెన్మార్క్‌కు చెందిన సోరెన్ నీల్సన్, థామస్ లుండ్ 2000లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ సమావేశంలో ఈ సమస్యను వివరించారు. స్టూడియోలో సురక్షితమనిపించిన దస్త్రం శ్రోత ఇంట్లోని పరికరంలో చిటపటలాడడానికి ఇది ఒక కారణం.

క్లిప్పింగుకు దగ్గరి చుట్టం లిమిటింగ్. లిమిటర్ శిఖరాలను కోయదు, వాటి స్థాయిని అతివేగంగా తగ్గిస్తుంది. మితంగా వాడితే అది కనబడని సహాయకుడు. అతిగా వాడితే ప్రతి తాడనం ముందుభాగాన్ని నలిపేస్తుంది. ‘డెత్ మాగ్నెటిక్’లో ఈ రెండూ కలిసి పనిచేశాయి.

3. దోషవిచారం: అలంకారశాస్త్రం అందించే ప్రాతిపదిక:

కావ్యదోషాలన్నీ ఒకే రకమైనవి కావని భారతీయ ఆలంకారికులు గుర్తించారు. 9వ శతాబ్దంలో ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకం’లో శ్రుతిదుష్టం మొదలైన దోషాలను అనిత్యదోషాలుగా పేర్కొన్నాడు. చెవికి కటువుగా తోచే వర్ణాలు శృంగారానికి విఘాతం కలిగిస్తాయి. ఆ వర్ణాలే రౌద్రంలో రసానికి పోషకాలవుతాయి. కటుత్వం దానంతట అది గుణమూ కాదు, దోషమూ కాదు. రసంతో దానికి గల సంబంధమే దాన్ని నిర్ణయిస్తుంది. ఆ తరువాతి ఆలంకారికులు వ్యాకరణవిరుద్ధమైన చ్యుతసంస్కృతి వంటివాటిని నిత్యదోషాలుగా లెక్కించారు. రసం మారినా అవి దోషాలుగానే ఉంటాయి. అయితే అనుకరణలో మాత్రం అవి కూడా దోషాలు కావని మినహాయింపు ఇచ్చారు. ఒక పాత్ర తప్పుగా మాట్లాడుతుందని చూపవలసి వచ్చినప్పుడు ఆ తప్పు కవిది కాదు.

ఈ విభాగం ప్రస్తుత చర్చకు రెండు విధాలుగా ఉపకరిస్తుంది. వికృతధ్వనిని చూడగానే దోషమని కొట్టిపారేయకుండా ఇది ఆపుతుంది. అదే సమయంలో, వికృతి కొన్నిచోట్ల గుణమైనంత మాత్రాన అన్నిచోట్లా గుణమనే వాదాన్ని కూడా ఆపుతుంది. కనుక గిటారు వికృతి ఏ రసానికి, ఎలా పోషకమైందో ముందుగా చూడాలి.

4. గిటారు వికృతి: అనిత్యదోషం గుణంగా మారిన తీరు:

తరంగశిఖరాలు తెగినప్పుడు మూలస్వరానికి అనుబంధంగా కొత్త పౌనఃపున్యాలు పుడతాయి. ఒకే స్వరం ఉన్నప్పుడు అవి ఆ స్వరానికి గుణిజాలు కనుక దానితో పొత్తు కుదుర్చుకుంటాయి. రెండు, మూడు స్వరాలు కలిసి వికృతి చెందితే వాటి పౌనఃపున్యాల మొత్తాలూ భేదాలూ కూడా ధ్వనులుగా పుడతాయి. వీటికి మూలస్వరాలతో పొత్తు కుదరవచ్చు, కుదరకపోవచ్చు.

మెటల్ గిటారు వాదకులు ఈ స్వభావాన్ని చెవితో గ్రహించి సంగీతాన్నే దానికి తగినట్లు మలచుకున్నారు. వారు విరివిగా వాడే పవర్ కార్డ్‌లో ఆధారస్వరం, దాని పంచమం మాత్రమే ఉంటాయి. కర్ణాటక సంగీత పరిభాషలో చెప్పాలంటే అది షడ్జపంచమాల జత. వాటి పౌనఃపున్యాల నిష్పత్తి 2:3. వాటి భేదం 1, అంటే ఆధారస్వరానికి ఒక స్థాయి దిగువనున్న అదే స్వరం. అందువల్ల వికృతి ఎంత పెరిగినా ఆ ధ్వని శ్రుతిలోనే నిలిచి, మరింత గంభీరమవుతుంది. గాంధారం చేరితే పుట్టే భేదస్వరాలు ఎక్కువై ధ్వని బురదగా మారుతుంది. వాదకులు అందుకే దాన్ని వదిలారు. దానికి తోడు గిటారు ఆంప్లిఫయర్ స్పీకర్లు సుమారు 5,000 హెర్ట్జ్‌ల పైనున్న ధ్వనిని బాగా తగ్గిస్తాయి. వికృతి వల్ల పుట్టే గరుకుదనంలో చాలాభాగం అక్కడే వడకట్టబడుతుంది.

ఇక్కడ వికృతి వాదకుడి వేళ్ళ కింద ఉంది. స్వరాల ఎంపిక, తీగపై అరచేతి ఒత్తిడి, ఆంప్లిఫయర్ అమరిక, స్పీకరు స్వభావం అన్నీ దానికి హద్దులు గీస్తున్నాయి. శ్రుతికటువు రౌద్రానికి లొంగి పనిచేస్తున్న స్థితి ఇది. క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణమన్న ఔచిత్యం ఈ వికృతిలో ఉంది.

ఇప్పుడు అదే ఛేదనం మొత్తం మిశ్రమంపై జరిగితే ఏమవుతుందో ఊహించవచ్చు. గొంతు, బాస్ గిటారు, రెండు గిటార్లు, డ్రమ్స్ అన్నీ ఒకే తరంగంలో కలిసి ఉన్నాయి. బాస్ డ్రమ్ మోగిన క్షణంలో శిఖరం తెగితే, ఆ శిఖరంపై స్వారీ చేస్తున్న గొంతు కూడా తెగుతుంది. పుట్టే భేదస్వరాలకు పాట శ్రుతితో సంబంధం ఉండదు. గాయకుడి స్వరానికీ డ్రమ్ తాడనానికీ మధ్య ఎవరూ కోరని సంకరం ఏర్పడుతుంది. డిజిటల్ ఛేదనంలో మరొక ప్రమాదం కూడా ఉంది. కొలత వేగంలో సగానికి మించిన పౌనఃపున్యాలను ఆ వ్యవస్థ పట్టుకోలేదు. తగిన జాగ్రత్త లేనప్పుడు అవి కిందికి మడతపడి, గుణిజసంబంధం లేని ధ్వనులుగా వినిపిస్తాయి. వీటిని వడకట్టడానికి తరువాతి దశలో గిటారు స్పీకరు వంటిది ఏదీ లేదు.

5. ‘డెత్ మాగ్నెటిక్’: రచనకూ మిశ్రమానికీ మధ్య వైరుధ్యం:

ఈ ఆల్బమ్‌లో నష్టం తీవ్రంగా తోచడానికి కారణం పాటల నిర్మాణంలోనే ఉంది. 1986 నాటి ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ కాలపు మనోధర్మాన్ని మళ్ళీ గుర్తుచేసుకోమని రూబిన్ బృందాన్ని ప్రోత్సహించారు. ఆ కాలపు మెటాలికా రచనల్లో ప్రధానమైన అలంకారం వైరుధ్యం. వికృతి లేని మృదువైన గిటారు స్వరావళి, దాని వెనుకే విరుచుకుపడే భారీ వాద్యఘోష, మళ్ళీ నెమ్మది. 1984 నాటి ‘ఫేడ్ టు బ్లాక్’, 1988 నాటి ‘వన్’ పాటల్లో శ్రోతకు కలిగే ఉద్వేగమంతా ఈ ఎత్తుపల్లాల నుంచే వస్తుంది.

‘డెత్ మాగ్నెటిక్’ ఈ వ్యాకరణాన్ని తిరిగి స్వీకరించింది. మొదటిపాట ‘దట్ వజ్ జస్ట్ యువర్ లైఫ్’ గుండెచప్పుడుతో మొదలవుతుంది. ‘ద అన్‌ఫర్‌గివెన్ 3’ పియానోతో ఆరంభమవుతుంది. దాదాపు 8 నిమిషాల ‘ద డే దట్ నెవర్ కమ్స్’ మంద్రమైన గిటారు స్వరావళితో మొదలై, ఉత్తరార్ధంలో వేగం పుంజుకుని ఘోషగా మారుతుంది. రచనాపరంగా ఇది మెట్లు ఎక్కే పాట. శిఖరాన్ని చేరుకోవడానికి పైన ఖాళీ ఉండాలి.

మిశ్రమం ఆ ఖాళీని ముందుగానే ఖర్చుపెట్టేసింది. శిఖరస్థాయికీ సగటుస్థాయికీ మధ్య దూరాన్ని కొలిచే డి.ఆర్. మీటరులో ఈ ఆల్బమ్ విలువ 3 ప్రాంతంలో ఉంటుంది. ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ తొలి సీడీలో ఈ విలువ రెండంకెలకు చేరుతుంది. భారీ వాద్యఘోష ప్రవేశించవలసిన చోట ధ్వని పెరగడానికి స్థలం లేక, సాంద్రత మాత్రం పెరుగుతుంది. స్నేర్ డ్రమ్ తాడనం ముందుభాగం నలిగి, దెబ్బకు బదులు చిట్లిన చప్పుడు వినిపిస్తుంది. రౌద్రరసానికి కావలసినది తాడనం. ఇక్కడ మిగిలినది ఒత్తిడి. ఒకదానికొకటి ప్రత్యామ్నాయం కాదు.

లిమిటింగ్ వల్ల సంగీతంలోని ఎత్తుపల్లాలన్నీ చదునవుతాయని చేసే సాధారణీకరణకు ఒక సవరణ అవసరం. ఎమ్మాన్యుయేల్ డెరుటీ 2011లో ‘సౌండ్ ఆన్ సౌండ్’ పత్రికలో ప్రచురించిన పరిశీలనలో, దశాబ్దాల కాలంలో తగ్గినది ప్రధానంగా శిఖరానికీ సగటుకూ మధ్య దూరమేననీ, పాటలోని భాగాల మధ్య ధ్వనిస్థాయి వైవిధ్యం అదే రీతిలో తగ్గలేదనీ చూపారు. ఈ సవరణ ప్రస్తుత విమర్శను బలహీనపరచదు. నష్టం ప్రధానంగా క్షణస్థాయిలో, తాడనం పుట్టే చోట జరుగుతోందని మరింత నిర్దిష్టంగా చెబుతుంది. తాడనమే ప్రాణమైన సంగీతానికి ఆ నష్టం చిన్నది కాదు.

మరొకవైపు, ఛేదనాన్ని ఎంపికతో వాడే సంప్రదాయం కూడా ఉంది. ఒక్క డ్రమ్ ధ్వనిని మాత్రమే కావాలని తెగ్గొట్టి గరుకుదనం తెచ్చే పద్ధతి హిప్‌హాప్‌లోనూ, ఎలక్ట్రానిక్ సంగీతంలోనూ ప్రసిద్ధం. అక్కడ ఛేదనం గిటారు వికృతి వలెనే ఒక వాద్యానికి చెందిన లక్షణం. చుట్టూ ఉన్న ఇతర ధ్వనులు చెక్కుచెదరక ఉండడం వల్లనే ఆ గరుకుదనం గుర్తుకు వస్తుంది. కాబట్టి డిజిటల్ ఛేదనాన్ని మొత్తంగా నిత్యదోషమనడం సరికాదు. రసంతో నిమిత్తం లేకుండా, ధ్వనుల మధ్య విచక్షణ చూపకుండా మొత్తం మిశ్రమంపై పడే ఛేదనమే నిత్యదోషం. వ్యాకరణం తప్పిన వాక్యం ఏ రసంలోనైనా తప్పిన వాక్యమే అయినట్లు, ఈ ఛేదనం కూడా ఏ సంగీతంలోనైనా దోషంగానే ఉంటుంది.

6. బాధ్యతా విచారం:

ఆల్బమ్‌ను మాస్టర్ చేసిన టెడ్ జెన్సన్ ఒక శ్రోతకు రాసిన ఉత్తరం బయటికి వచ్చింది. మిశ్రమాలు తన వద్దకు వచ్చేటప్పటికే గరిష్ఠస్థాయికి అదిమివేయబడి ఉన్నాయనీ, ఈ పనిపట్ల తనకు గర్వం లేదనీ ఆయన అందులో తెలిపారు. డ్రమ్స్ వాదకుడు లార్స్ ఉల్రిక్ మాత్రం ఆల్బమ్ ధ్వనిని బహిరంగంగా సమర్థించారు. సంగీతపరిశ్రమ కూడా నిర్మాతను తప్పుపట్టలేదు. 2009 గ్రామీ పురస్కారాల్లో రూబిన్ ఆ సంవత్సరపు నిర్మాతగా ఎంపికైన కృషిలో ఈ ఆల్బమ్ కూడా ఉంది.

ఇంత నైపుణ్యం గలవారు ఈ నిర్ణయాన్ని ఎందుకు తీసుకున్నారు? మూలం మానవుల వినికిడిలో ఉంది. ధ్వనిస్థాయి తక్కువగా ఉన్నప్పుడు మంద్ర, తారస్థాయుల పట్ల చెవి సున్నితత్వం తగ్గుతుందని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే చూపారు. అందుచేత ఒకే పాటను కొంచెం ఎక్కువ స్థాయిలో వినిపిస్తే అది మరింత నిండుగా తోస్తుంది. రేడియోలోనో, సీడీ మార్చే యంత్రంలోనో ఒక పాట వెనుక మరొక పాట వస్తున్నప్పుడు తమది తక్కువగా వినబడకూడదని ప్రతి సంస్థా కోరుకుంది. సీడీలో సున్నా దాటే వీలు లేదు. కనుక శిఖరాలను తెగ్గొట్టి సగటును పెంచడం ఒక్కటే దారిగా మిగిలింది. 1990ల నుంచి ఈ పోటీ ముదిరింది. దీనినే లౌడ్‌నెస్ వార్ అని పిలిచారు.

అది తప్పించుకోలేని ఒత్తిడి కాదనడానికి అదే సంవత్సరంలో సాక్ష్యం ఉంది. 2008 నవంబరులో వచ్చిన గన్స్ ఎన్ రోజెస్ ఆల్బమ్ ‘చైనీస్ డెమోక్రసీ’కి మాస్టరింగ్ ఇంజనీర్ బాబ్ లుడ్విగ్ మూడు కూర్పులు సిద్ధం చేశారు. బృందం వాటిలో శిఖరాలను ఎక్కువగా కాపాడిన కూర్పును ఎంచుకుంది. అదే రాక్ సంగీతం, అదే విపణి. నిర్ణయం మాత్రం వేరు.

ఆ పోటీకి గల ఆర్థిక ప్రయోజనం తరువాతి కాలంలో చాలావరకు తొలగిపోయింది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2006లో వినికిడి ఆధారంగా ధ్వనిస్థాయిని కొలిచే ప్రమాణాన్ని వెలువరించింది. దాని ఆధారంగా యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ 2010లో ప్రసారాలకు మైనస్ 23 లఫ్స్ స్థాయిని సూచించింది. స్పాటిఫై సాధారణ అమరికలో పాటలను మైనస్ 14 లఫ్స్‌కు సర్ది వినిపిస్తుంది. మైనస్ 8 లఫ్స్ వద్ద తయారైన పాటను ఆ సేవ 6 డెసిబెళ్లు తగ్గిస్తుంది. పక్కపాటతో సమానంగా వినిపించే ఆ స్థితిలో, తెగిన శిఖరాలు తెగినట్లే ఉంటాయి. దేనికోసం వాటిని తెగ్గొట్టారో ఆ బిగ్గరతనం మాత్రం మిగలదు.

7. నివారణ: దోషం పుట్టే చోటనే:

జెన్సన్ మాట ఒక ముఖ్యమైన సూత్రాన్ని స్ఫురింపజేస్తుంది. క్లిప్పింగ్ ఏ దశలో జరిగితే ఆ దశకు ముందే దాన్ని ఆపాలి. తరువాతి దశలో స్థాయిని తగ్గించినా బల్లపరుపు శిఖరం చిన్న బల్లపరుపు శిఖరంగా మారుతుందే తప్ప గుండ్రంగా కాదు. కెనడా బృందం రష్ 2002లో తెచ్చిన ‘వేపర్ ట్రయల్స్’ ఇందుకు ఉదాహరణ. దాని ధ్వనిపై వచ్చిన అసంతృప్తిని తీర్చడానికి డేవిడ్ బాట్రిల్ చేత మళ్ళీ మిక్స్ చేయించి 2013లో విడుదల చేశారు. విడివిడి వాద్యాల నమోదుల వద్దకు తిరిగి వెళ్ళగలగడం వల్లనే ఆ పునర్జన్మ సాధ్యమైంది.

ధ్వనిముద్రణ దశలో నివారణ సులభం. స్థాయిని సున్నాకు వీలైనంత దగ్గరగా ఉంచాలన్న అలవాటు, టేపు రొదను తప్పించుకోవలసిన రోజుల నుంచి, 16 బిట్ల తొలి పరికరాల నుంచి వచ్చింది. ఒక బిట్ సుమారు 6 డెసిబెళ్ల పరిధినిస్తుంది. 24 బిట్లలో సిద్ధాంతరీత్యా 144 డెసిబెళ్ల పరిధి ఉంటుంది. మైక్రోఫోన్ రొద, గదిలోని నిశ్శబ్దపు రొద దాని అడుగుభాగం కంటె చాలా పైన ఉంటాయి. అతిపెద్ద శిఖరం కూడా మైనస్ 12 డెసిబెళ్ల వద్ద ఆగేటట్లు అమర్చుకుంటే ఖర్చయ్యేది రెండు బిట్లే. ఆ ఖాళీనే హెడ్‌రూమ్ అంటారు. కళాకారుడు అభ్యాసంలో కంటె అసలు ప్రదర్శనలో గట్టిగా పాడతాడన్న అనుభవజ్ఞానానికి ఇది తగిన ఏర్పాటు.

మిక్సింగ్ దశలో సమస్య కూడికది. ఒకే ధ్వని రెండు ప్రతులు కలిస్తే స్థాయి 6 డెసిబెళ్లు పెరుగుతుంది. పరస్పర సంబంధం లేని, సమానస్థాయి గల 16 ధ్వనులు కలిస్తే సుమారు 12 డెసిబెళ్లు పెరుగుతుంది. విడివిడిగా సురక్షితమైన ధ్వనులు కలిసినప్పుడు హద్దు దాటడం ఇందువల్లనే. మొదటినుంచీ అన్ని ఫేడర్లనూ తక్కువలో ఉంచి మిశ్రమాన్ని కట్టుకోవడం ఉత్తమం. ఆధునిక సాఫ్ట్‌వేర్లు లోపల 32-బిట్ ఫ్లోటింగ్ పాయింట్ గణితాన్ని వాడతాయి కనుక మధ్యలో సున్నా దాటిన స్థాయిని ఫేడరుతో తిరిగి కిందికి తెచ్చుకోవచ్చు. ఆ వెసులుబాటు స్పీకరుకు వెళ్ళే పరివర్తకం వద్ద, 16 లేదా 24 బిట్ల దస్త్రంగా భద్రపరిచే చోట ముగుస్తుంది. ముందే తెగి వచ్చిన నమోదుకు అది ఏ సహాయమూ చేయదు. చివరి కూర్పులో కొలతల మధ్య శిఖరాలను కూడా లెక్కించే ట్రూ పీక్ మీటరు వాడి, మైనస్ 1 డెసిబెల్ వద్ద హద్దు పెట్టుకోవడం నేటి ఆచారం. నష్టసహిత కుదింపులో, అంటే ఎం.పి.3 వంటి రూపాల్లోకి మార్చేటప్పుడు, శిఖరాలు మరికొంత లేస్తాయి కనుక ఆ కాస్త ఖాళీ అవసరం.

తెగిన శిఖరాలను పూరించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. అవి అటూ ఇటూ మిగిలిన తరంగాన్ని బట్టి మధ్యభాగాన్ని ఊహిస్తాయి. పురుగు తిన్న తాళపత్రంలో పరిష్కర్త పూరించిన పాఠం వంటిదే ఆ శిఖరం. అది సమంజసం కావచ్చు, చదువుకోవడానికి వీలు కల్పించవచ్చు. మూలపాఠం మాత్రం కాదు.

8. క్షేత్రపరిశోధనకు అన్వయం:

తాళపత్రాల విషయంలో ఈ భేదాన్ని నిష్ఠగా పాటించే తెలుగు పరిశోధనారంగం, ధ్వని ప్రతుల విషయంలో అంత జాగ్రత్త వహించవలసి ఉంది. జానపద సాహిత్యంపై పనిచేసే పరిశోధకులు ఒగ్గుకథ, బుర్రకథ వంటి ప్రదర్శనలను చేతి రికార్డర్లతోనో, మొబైల్ ఫోన్లతోనో నమోదు చేస్తారు. ఈ రూపాల్లో మాటకూ వాద్యానికీ మధ్య స్థాయీభేదం చాలా ఎక్కువ. కథకుడు మామూలు గొంతుతో ప్రస్తావన చేస్తున్నప్పుడు స్థాయిని అమర్చుకుంటే, డోలు మోగగానే సంకేతం హద్దు దాటుతుంది. డప్పు తాడనంలోని తొలిక్షణం మరింత తీవ్రమైనది. ఫోనులో స్థాయిని తనంతట తానే సర్దే ఏర్పాటు ఉంటే, దెబ్బ పడిన ప్రతిసారీ కథకుడి గొంతు అణగి మళ్ళీ లేస్తుంది.

‘డెత్ మాగ్నెటిక్’తో పోల్చినప్పుడు ఇక్కడి నష్టం మరింత పెద్దది. మెటాలికా పాటలకు గేమ్ కోసం ఇచ్చిన భాగాలైనా మిగిలాయి. రష్ బృందానికి మళ్ళీ మిక్స్ చేసుకునే అవకాశం దొరికింది. ఊరి వాకిట ఒక రాత్రి జరిగిన కథాగానానికి విడివిడి వాద్యాల నమోదు ఉండదు. ఆ దస్త్రమే మూలప్రతి. తాడనంతోపాటు తెగిపోయిన అక్షరం ఏమిటో తరువాతి పరిశోధకుడు చెప్పలేడు. మాండలిక ఉచ్చారణను, ఛందోగతిని, లయను ఆ నమోదు ఆధారంగా విశ్లేషించేవారికి ఆ చోట ఆధారం ఉండదు.

జాగ్రత్తలు కష్టమైనవి కావు. ప్రదర్శనకు ముందు డోలునో, డప్పునో పూర్తిశక్తితో వాయించమని కళాకారులను కోరి, ఆ శిఖరానికి స్థాయిని అమర్చుకోవాలి. స్వయంచాలక సర్దుబాటును ఆపివేయాలి. 24 బిట్లలో నమోదు చేయాలి. పరికరంలో వీలుంటే తక్కువ స్థాయిలో రెండో ప్రతిని కూడా సమాంతరంగా నమోదు చేసుకోవాలి. మాట మెల్లగా వినిపిస్తే తరువాత పెంచుకోవచ్చు. తెగితే తెచ్చుకోలేము. సిద్ధాంతగ్రంథంలో ప్రదర్శన జరిగిన తేదీ, స్థలం, కళాకారుల వివరాలతోపాటు నమోదు స్థాయి వివరాలను కూడా చేర్చడం సముచితం.

9. ముగింపు:

వికృతి ఉన్నంత మాత్రాన సంగీతం చెడదని హెవీ మెటల్ గిటారు నిరూపించింది. షడ్జపంచమాల జతను ఎంచుకుని, స్పీకరు స్వభావాన్ని కలుపుకుని, అది శ్రుతికటువును రౌద్రానికి గుణంగా మార్చింది. ‘డెత్ మాగ్నెటిక్’ మిశ్రమంలో జరిగిన ఛేదనానికి ఆ వివక్ష లేదు. వైరుధ్యంపై కట్టిన పాటల్లో అది వైరుధ్యాన్నే హరించింది, తాడనాన్ని ఒత్తిడిగా మార్చింది. రచన కోరినదానికీ మిశ్రమం ఇచ్చినదానికీ మధ్యనున్న ఈ ఎడమే ఆ ఆల్బమ్‌పై విమర్శకు ఆధారం.

కనుక క్లిప్పింగును నివారించడమంటే ధ్వనిని పిరికిగా ఉంచడం కాదు. ఏ ధ్వని ఎంత గరుకుగా ఉండాలో నిర్ణయించే అధికారాన్ని కళాకారుడి చేతిలో, చివరిదాకా నిలిపి ఉంచడం. క్షేత్రంలో పనిచేసే పరిశోధకుడికి ఆ బాధ్యత ఇంకొంచెం ఎక్కువ. అక్కడ కాపాడవలసిన ధ్వని అతడిది కాదు, దాన్ని నమ్మి అప్పగించిన కళాకారులది.